రోడ్డు విస్తరణలో గ్యాస్ పైపులైను తరలింపు: నివాసుల భయాల్లో నిజమెంత?

రోడ్డు విస్తరణ పనులు మొదలయ్యే ముందు ఏదో ఒక ఉదయం కొలతల సిబ్బంది వస్తారు. ప్రహరీ గోడల ముందు నేల మీద పసుపు రంగు గీతలు గీసి, అక్కడక్కడా మేకులు పాతి వెళ్తారు. ఆ గీతలేమిటని ఆరా తీస్తే గ్యాస్ లైను ఇటు జరుగుతోందని తెలుస్తుంది. రోడ్డుకు అవతలి అంచున ఎక్కడో మట్టి కింద ఉందన్న సంగతి కూడా సరిగా తెలియని గొట్టం ఇకమీదట తమ గేటుకు నాలుగైదు మీటర్ల దూరంలో ఉండబోతోందని ఇంటివారికి అర్థమయ్యేది అప్పుడే. ఆ తర్వాత జరిగే సమావేశంలో వారు అడిగే మొదటి ప్రశ్న, అది పేలితే మా గతేమిటని. కొత్త గొట్టం వేస్తున్నాం, కొత్త ప్రమాణాలు పాటిస్తున్నాం, కాబట్టి పాతదానికన్నా ఇది భద్రం అన్నది వారికి సాధారణంగా అందే జవాబు.

ఆ జవాబులో అబద్ధమేమీ లేదు గానీ, అది సగం నిజం. ఉక్కు కొత్తదే అయినా తరలించిన ముక్క రెండు కొసల్లోనూ పాత లైనుకే అతకాలి. ఆ అతుకులు వేసేది ఒకరు, గొయ్యి పూడ్చేది ఒకరు, పైన రోడ్డు పరిచేది మరొకరు, ఎక్కడ ఏముందో కాగితం మీద నమోదు చేసేది ఇంకొకరు. గొట్టం ఇంటికి ఎంత దగ్గరికి వచ్చిందన్నది ఎంత ముఖ్యమో, ఆ పని ఒక చేతి నుంచి మరో చేతికి ఎలా మారిందన్నది అంతకన్నా ముఖ్యమని గతంలో జరిగిన కొన్ని పెద్ద దుర్ఘటనలను వరుసగా చూస్తే తెలుస్తుంది.

అసలు గొట్టాన్ని కదిలించడం ఎందుకన్నది ముందు చూడాలి. ప్రైవేటు స్థలాలు సేకరించే పని లేకుండా పోతుందన్న ఉద్దేశంతో గ్యాస్ లైన్లను రోడ్డు మార్జిన్‌లో వేయడం అనేక దేశాల్లో ఉన్న పద్ధతే. పాతికేళ్ల తర్వాత రోడ్డు వెడల్పయ్యేసరికి ఆ మార్జిన్ కాస్తా వాహనాలు నడిచే దారిలో కలిసిపోతుంది. సాధారణంగా గొట్టం మీద సుమారు ఒక మీటరు మందాన మట్టి ఉంటుంది. రోడ్డు మట్టాన్ని దించితే ఆ మందం తగ్గి లారీ చక్రాల బరువు గొట్టానికి దగ్గరవుతుంది. మట్టాన్ని పెంచితే కొత్తగా పోసిన మట్టి బరువు దాని మీద పడుతుంది. పునాది గట్టిపరచడానికి తెచ్చే వైబ్రేటరీ రోలర్ల అదురు, వంతెన స్తంభాల కోసం తవ్వే గోతులు, కొత్త మురుగు కాలువల తవ్వకం వీటికి తోడవుతాయి. గొట్టం రోడ్డు కిందనే ఉండిపోతే, రేపు ఏ చిన్న మరమ్మతు వచ్చినా రోడ్డు తవ్వాల్సిందే. ఈ కారణాలన్నీ న్యాయమైనవే. అయితే కాంక్రీటు పలకలతో గొట్టాన్ని కాపాడటం, రోడ్డు నమూనానే కొద్దిగా జరపడం వంటి ప్రత్యామ్నాయాలు కూడా ఉంటాయి. వాటిని పరిశీలించి ఏ కారణంతో తోసిపుచ్చారో చెప్పకపోవడంతోనే చాలా చోట్ల అనుమానాలు మొదలవుతాయి.

గొట్టాన్ని కదిలించకుండా ఉంటే చాలు, భద్రంగా ఉంటామన్న నమ్మకమూ సరైనది కాదు. తైవాన్‌లోని కావోస్యుంగ్ నగరంలో 2014 జూలై 31 రాత్రి జరిగిన పేలుళ్లే ఇందుకు నిదర్శనం. పెట్రోకెమికల్ కర్మాగారాలకు ప్రొపీన్ వాయువును మోసుకెళ్లే నాలుగు అంగుళాల గొట్టం ఒకటి అక్కడి వీధుల కింద ఉండేది. వాననీటి కాలువ కట్టినప్పుడు ఆ గొట్టాన్ని పక్కకు తప్పించకుండా కాంక్రీటు పెట్టెలా కట్టిన ఆ కాలువ మధ్యలో నుంచే పోనిచ్చారు. మట్టిలో పూడి ఉన్న ఉక్కును తుప్పు నుంచి కాపాడే విద్యుత్ రక్షణ, మట్టి తాకని ఆ భాగంలో పనిచేయలేదు. తేమలో నానుతూ ఏళ్ల తరబడి పలచబడిన గొట్టం చివరికి చిల్లి పడింది, వాయువు కాలువల వెంట కిలోమీటర్ల దూరం పాకింది, వీధులకు వీధులే పైకి లేచాయి. 32 మంది చనిపోయారు, 300 మందికి పైగా గాయపడ్డారు. తరలించాల్సిన గొట్టాన్ని తరలించకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇక దూరం సంగతి. గ్యాస్ లైను అనే ఒక్క మాట కింద ఎంతో తేడా ఉన్న గొట్టాలు కలిసిపోతుంటాయి. వంటింటి పొయ్యి దగ్గర గ్యాస్ పీడనం కొన్ని పదుల మిల్లీబార్లు మాత్రమే (ఒక బార్ అంటే సుమారుగా మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత, మిల్లీబార్ అందులో వెయ్యో వంతు). వీధుల్లో తిరిగే ప్లాస్టిక్ గొట్టాల్లో అది సాధారణంగా నాలుగు బార్ల లోపే ఉంటుంది. ఊళ్లను దాటుకుంటూ పోయే ఉక్కు ప్రధాన లైన్లలో 80, 90 బార్లు ఉండవచ్చు. గొట్టం పూర్తిగా తెగి మంటలు లేచినప్పుడు వేడి ఎంత దూరం ప్రాణాంతకమవుతుందో అంచనా వేయడానికి ఇంజనీర్లు వాడే సూత్రం ఒకటుంది. ఆ దూరం గొట్టం వ్యాసాన్ని బట్టి నేరుగానూ, పీడనాన్ని బట్టి దాని వర్గమూలం మేరకూ పెరుగుతుంది. దాని ప్రకారం 20 బార్ల పీడనంతో నడిచే 12 అంగుళాల గొట్టానికి ఈ పరిధి సుమారు 43 మీటర్లు, 80 బార్లతో నడిచే 30 అంగుళాల గొట్టానికి సుమారు 215 మీటర్లు. అంటే పెద్ద లైను విషయంలో అది ఇంటికి 20 మీటర్ల దూరంలో ఉన్నా, 5 మీటర్ల దూరంలో ఉన్నా పెద్ద తేడా ఉండదు, ఆ ఇల్లు రెండు సందర్భాల్లోనూ పరిధిలోనే ఉంటుంది. అందువల్ల సమావేశాల్లో గంటల తరబడి నడిచే రెండు మీటర్లు అటా ఇటా అన్న వాదన చాలాసార్లు అసలు విషయాన్ని పక్కదారి పట్టిస్తుంది. గొట్టం వ్యాసమెంత, గరిష్ఠ పీడనమెంత, గొట్టం గోడ మందమెంత అన్న మూడు అంకెలు చేతిలో లేకుండా దూరం గురించి మాట్లాడటం వల్ల ప్రయోజనం లేదు. చిన్న పంపిణీ గొట్టాల దగ్గర మాత్రం దూరానికి నిజంగానే విలువ ఉంది. అక్కడ భయపడాల్సింది మంటల గోళానికి కాదు, లీకైన గ్యాస్ గోడ సందుల్లోంచి ఇంట్లోకి చేరడానికి.

ఈ చర్చకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న ఘటన అమెరికాలోని శాన్ బ్రూనోలో జరిగింది. 2010 సెప్టెంబర్ 9 సాయంత్రం ఆ ఊరి ఇళ్ల నడుమ 30 అంగుళాల గ్యాస్ లైను బద్దలైంది. 28 అడుగుల పొడవైన ఉక్కు ముక్క నేలలోంచి ఊడి సుమారు 100 అడుగుల దూరాన పడింది. ఎనిమిది మంది చనిపోయారు, 38 ఇళ్లు బూడిదయ్యాయి. రెండేళ్ల ముందు, 2008లో, అదే చోట మురుగు గొట్టాన్ని మార్చే పనులు జరిగాయి కాబట్టి తొలి అనుమానాలు ఆ తవ్వకం మీదికే వెళ్లాయి. దర్యాప్తు మాత్రం వేరే సంగతి బయటపెట్టింది. ఆ లైనును మొదట వేసింది 1948లో. ఇళ్ల నిర్మాణం కోసం నేలను చదును చేయాల్సి వచ్చి 1956లో సుమారు 1,850 అడుగుల మేర దాన్ని పక్కకు తరలించారు. బద్దలైంది సరిగ్గా ఆ తరలించిన భాగమే.

అప్పుడు ఆ మలుపులో నాలుగైదు అడుగులకు మించని పొట్టి ముక్కలను వరుసగా అతికారు. వాటిలో కొన్నింటి నిలువు అతుకును, అంటే ఉక్కు రేకును గొట్టంగా చుట్టినప్పుడు పొడవునా పడే అతుకును, బయటి నుంచి మాత్రమే వెల్డ్ చేశారు, లోపలి వైపు వదిలేశారు. ఆ భాగానికి ఎన్నడూ నీటి పీడన పరీక్ష జరిపినట్టు ఆధారం దొరకలేదు. తర్వాతి దశాబ్దాల్లో పరీక్షలు తప్పనిసరి చేస్తూ నిబంధనలు వచ్చినప్పుడు పాత లైన్లకు మినహాయింపు ఇచ్చారు. అన్నిటినీ మించి, సంస్థ రికార్డుల్లో ఆ భాగం నిలువు అతుకే లేని గొట్టమని నమోదై ఉంది. లేదని రాసుకున్న అతుకును ఎవరు వెతికి పరీక్షిస్తారు? 1956లో ఆ ముక్క కూడా కొత్త గొట్టమే. కొత్తది కాబట్టి భద్రమన్న హామీని ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే, బహుశా నిండు మనసుతోనే ఇచ్చి ఉండేవారు. లోపం 54 ఏళ్లు మట్టి కింద ఓపికగా ఎదురుచూసింది.

తరలింపు పనిలో పరీక్షలకు ఉన్న స్థానం ఈ ఒక్క ఉదంతంతో తెలుస్తుంది. కొత్త భాగాన్ని పాత లైనుకు కలపకముందే విడిగా నీళ్లతో నింపి, అది రోజూ మోయబోయే గరిష్ఠ పీడనానికి ఒకటింపావు నుంచి ఒకటిన్నర రెట్ల వరకు పెంచి, గంటల తరబడి నిలిపి చూస్తారు. నీటినే వాడటానికి కారణం, అది గ్యాస్‌లా కుదించుకుని శక్తిని దాచుకోదు. గొట్టం విఫలమైతే నీరు చిమ్మి పీడనం వెంటనే పడిపోతుందే తప్ప పేలుడు ఉండదు. ఈ పరీక్షలో నెగ్గిన గొట్టాన్ని ఆరబెట్టి రెండు కొసల్లో పాత లైనుకు అతుకుతారు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ చివరి అతుకులకు నీటి పరీక్ష చేయడం సాధ్యం కాదు, ఎందుకంటే అవి పడేసరికి గొట్టం అటూ ఇటూ నడుస్తున్న లైనుతో కలిసిపోయి ఉంటుంది. పరిశ్రమలో వీటిని గోల్డెన్ వెల్డ్ అంటారు. పేరులో బంగారం ఉన్నా పరీక్ష భాగ్యానికి మాత్రం నోచుకోని అతుకులవి. వాటిని ఎక్స్‌రేతోనూ అల్ట్రాసౌండ్‌తోనూ నూటికి నూరు శాతం తనిఖీ చేయడమే మిగిలిన దారి. నివాసులు ఒకే ఒక్క కాగితం అడగగలిగితే, ఆ రెండు అతుకుల తనిఖీ నివేదికనే అడగాలి.

అతికే సమయంలో గ్యాస్ ఆపడమా, ఆపకుండానే పని చేయడమా అన్నది మరో ప్రశ్న. సరఫరా ఆపితే రెండు వాల్వుల మధ్య ఉన్న గ్యాస్‌ను గాలిలోకి వదలాలి. జెట్ విమానం పక్కనే నిలబడినంత హోరు వస్తుంది. పైగా మీథేన్ 20 ఏళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువుకన్నా 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది కాబట్టి ఆ పద్ధతి మీద అభ్యంతరాలు పెరుగుతున్నాయి. ఆపకుండా చేసే పద్ధతిలో, నడుస్తున్న గొట్టానికే ఒక ఫిట్టింగును వెల్డ్ చేసి, ప్రత్యేక యంత్రంతో రంధ్రం చేసి, లోపల అడ్డుకట్ట వేసి గ్యాస్‌ను పక్కదారి పట్టిస్తారు. నిపుణులు చేస్తే ఇది రోజువారీ పనే. కానీ లోపల పారే గ్యాస్ వెల్డింగును తొందరగా చల్లార్చడం వల్ల అతుకు పెళుసుబారే అవకాశం ఉంది, పాత గొట్టం గోడ పలచబడి ఉంటే వెల్డింగు వేడికి చిల్లి పడే ప్రమాదమూ ఉంది. అందుకే ఆ చోట గోడ మందాన్ని ముందే కొలిచి చూడాలి.

తవ్వకం జరిగేటప్పటి భయాల్లో నివాసులు సాధారణంగా చెప్పేది, జేసీబీ పళ్లకు గొట్టం తెగిపోతుందేమోనని. తెగితే వెంటనే తెలుస్తుంది కాబట్టి, ఒక విధంగా చూస్తే తెగకుండా గీసుకుపోవడమే ఎక్కువ ప్రమాదకరం. బెల్జియంలోని గిలెంగియెన్‌లో 2004 జూలై 30న జరిగిన విస్ఫోటనం కథ అదే. ఒక కర్మాగారం ఆవరణలో నేల పనులు చేస్తున్న యంత్రం, కింద ఉన్న మీటరు వ్యాసం గల ప్రధాన గ్యాస్ లైనును కొద్ది వారాల ముందు గీరింది. ఆ రోజు ఏమీ కాలేదు. తర్వాత లైనులో పీడనం పెరిగినప్పుడు ఆ గీత దగ్గర గొట్టం లీకైంది, లీకును చూడటానికి వచ్చిన అగ్నిమాపక సిబ్బంది అక్కడ ఉండగానే బద్దలైంది. 24 మంది చనిపోయారు, 130 మందికి పైగా గాయపడ్డారు. అలాంటి గీతను పూడ్చకముందే చెబితే, పీడనం తగ్గించి ఆ ముక్కను మార్చేయవచ్చు. చెబితే పని ఆగుతుందని, జరిమానా పడుతుందని యంత్రం నడిపే మనిషి భయపడే చోట ఆ కబురు పైకి రాదు. చెప్పినవాడిని శిక్షించకూడదన్న షరతు కాంట్రాక్టులో ఉందా లేదా అన్నది, గొట్టం గోడ మందంతో సమానమైన భద్రతా విషయం.

గొయ్యి పూడ్చి తారు పరిచిన తర్వాత మొదలయ్యే ప్రమాదం గురించి సమావేశాల్లో మాటే రాదు. సహజవాయువు గాలికన్నా తేలిక. మట్టిలో చిన్న లీకు ఉంటే అది పైకి వచ్చి గాలిలో కలిసిపోతుంది, అక్కడి గడ్డి పసుపుబారడం చూసి కూడా లీకును పసిగట్టవచ్చు. ఆ మట్టి మీద తారు, కాంక్రీటు, పేవర్ టైల్స్ గోడ నుంచి గోడ దాకా పరిచేశాక గ్యాస్‌కు పైదారి మూసుకుపోతుంది. అప్పుడది పక్కదారి వెతుక్కుంటుంది. గొట్టం చుట్టూ పోసిన వదులు ఇసుక, పాత మురుగు గొట్టాలు, కేబుల్ డక్టులు దానికి రహదారులవుతాయి. చివరికి అది తేలేది ఏ సెల్లారులోనో, ఏ మ్యాన్‌హోల్‌లోనో. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే అంటుకోవడానికి ఒక్క స్విచ్ నిప్పురవ్వ చాలు. దక్షిణ కొరియాలోని దేగులో 1995 ఏప్రిల్ 28న ఒక భవన నిర్మాణ స్థలంలో గ్యాస్ గొట్టానికి రంధ్రం పడినప్పుడు, గ్యాస్ మురుగు కాలువ గుండా పక్కనే జరుగుతున్న భూగర్భ రైలు తవ్వకంలోకి చేరింది. దాని మీద తాత్కాలికంగా పరిచిన రోడ్డు పలకలు పేలుడుకు గాలిలోకి ఎగిరాయి. 101 మంది చనిపోయారు, వారిలో బడికి వెళ్తున్న పిల్లలు ఎందరో ఉన్నారు. గొట్టం పగిలిన చోటు ఒకటి, మనుషులు పోయిన చోటు మరొకటి.

వాసన వస్తే ఫోన్ చేయండి అన్న సలహాకు కూడా పరిమితులున్నాయి. మీథేన్‌కు స్వతహాగా వాసన లేదు, ఘాటైన రసాయనాన్ని కలిపి వాసన తెప్పిస్తారు. గాలిలో ఒక శాతం గ్యాస్ ఉన్నా ముక్కుకు తెలిసేలా కలపాలని కొన్ని దేశాల నిబంధన. అయితే బంకమట్టి గుండా చాలా దూరం పాకిన గ్యాస్ ఆ వాసనను మట్టికే వదిలేసి రావచ్చు. పెద్ద ప్రధాన లైన్లలో చాలా చోట్ల అసలు వాసన కలపనే కలపరు. తమ ముందుకు జరుగుతున్న లైనులో వాసన ఉందో లేదో నివాసులకు చెప్పడం అరనిమిషం పని, అయినా ఆ మాట కరపత్రాల్లో అరుదుగా కనిపిస్తుంది. రోడ్డు పూర్తయ్యాక మొదటి ఏడాదిలో పరికరాలతో లీకు తనిఖీ ఎన్నిసార్లు చేస్తారన్నది కూడా అప్పుడే తేల్చుకోవాల్సిన విషయం.

నేలను చీల్చకుండా అడ్డంగా డ్రిల్లింగు చేసి గొట్టం లాగే పద్ధతిని నివాసులు సాధారణంగా స్వాగతిస్తారు. దుమ్ము, గోతులు, గేటు ముందు రోజుల తరబడి పలకల మీద నడక ఉండవు. కంటికి కనిపించకుండా సాగే ఆ డ్రిల్లు ఒక్కోసారి ఇంటి మురుగు గొట్టాన్ని పొడుచుకుంటూ వెళ్లిపోతుంది. గ్యాస్ గొట్టం మురుగు గొట్టం మధ్యలో నుంచి దూరినా నీళ్లు కొంతకాలం పక్కల నుంచి పోతూనే ఉంటాయి. ఏ రెండేళ్లకో మురుగు అడ్డుపడి, ప్లంబరు లోపల తిరిగే బ్లేడు ఉన్న తీగను దూరుస్తాడు. అడ్డం వచ్చింది చెట్టు వేరనుకుని కోసేది గ్యాస్ గొట్టాన్ని. కొన్ని దేశాల్లో ఇలా ఇళ్లు పేలిన సందర్భాలున్నాయి. డ్రిల్లింగు ముందూ తర్వాతా మురుగు లైన్లలో కెమెరా తిప్పి చూడటమే దీనికి విరుగుడు.

పునాదుల పక్కన గొయ్యి తవ్వినప్పుడు మట్టి జారకుండా ఆనికలు పెట్టడం, పనికి ముందు ఇళ్ల గోడల పగుళ్లను ఫొటోలతో నమోదు చేయడం తెలిసిన జాగ్రత్తలే. స్థలం విలువ తగ్గుతుందన్న ఆందోళన మాత్రం తేలికగా తీసిపారేసేది కాదు. లైనుకు ఇరువైపులా కొంత మేర కట్టడాలు, లోతుగా వేళ్లు దిగే చెట్లు ఉండకూడదన్న ఆంక్ష వస్తే, అది ఆ స్థలంతోపాటు తర్వాతి యజమానికీ సంక్రమిస్తుంది. దాన్ని నష్టపరిహారంలో లెక్కించాలి.

ప్రమాదం జరిగిందే అనుకుంటే, దాని తీవ్రతను నిర్ణయించేది గ్యాస్ ఎంతసేపట్లో ఆగుతుందన్నది. శాన్ బ్రూనోలో గ్యాస్‌ను ఆపడానికి 95 నిమిషాలు పట్టింది, చేతితో తిప్పాల్సిన వాల్వుల దగ్గరికి మనుషులు వెళ్లి మూసేదాకా మంటలు ఎగసిపడుతూనే ఉన్నాయి. సూత్రం లెక్కన ఆ లైనుకు ప్రమాద పరిధి 126 మీటర్లు వస్తుంది. ఇళ్లు ఆ పరిధికి ఆవల కూడా కాలాయి. తరలింపు కోసం ఎలాగూ గొట్టం కోస్తున్నప్పుడు దూరం నుంచే మూయగల వాల్వును అమర్చడానికి అంతకన్నా అనువైన సమయం దొరకదు. పీడనం ఒక్కసారిగా పడిపోతే దానంతటదే మూసుకునే రకాలు కూడా ఉన్నాయి. దీనికి డబ్బు ఎవరు పెట్టాలన్న దగ్గర పని ఆగుతుంది. తరలింపు తమవల్ల వచ్చింది కాబట్టి ఉన్నదానికి సమానమైన గొట్టానికే చెల్లిస్తామని రోడ్డు శాఖ అంటుంది, మెరుగుపరచడం తమ ప్రణాళికలో లేదని గ్యాస్ సంస్థ అంటుంది. నివాసుల ఒత్తిడి నిజంగా ఫలించగల చోటు ఇదే. గొట్టాన్ని వద్దనడం కన్నా వాల్వు కావాలనడం సాధించగల కోరిక.

గడువు ఒత్తిడి వీటన్నిటికీ నేపథ్యంలో ఉంటుంది. రోడ్డు కాంట్రాక్టరుకు స్థలం ఖాళీ చేసి అప్పగించేదాకా అసలు పని మొదలుకాదు, గ్యాస్ లైను కదలడం ఒక రోజు ఆలస్యమైతే రోలర్లు, కూలీలు ఒక రోజు ఊరికే ఉంటారు. ఆ ఖర్చు లెక్క ఎదురుగా కనిపిస్తుంటే అతుకు ఎక్స్‌రే ఫలితం వచ్చేదాకా గొయ్యి తెరిచి ఉంచడం విలాసంలా అనిపిస్తుంది. కాబట్టి రోడ్డు ఒప్పందంలో గ్యాస్ పనికి ఎన్ని రోజులు కేటాయించారో చూస్తే, భద్రత గురించి చెప్పిన మాటల్లో ఎంత బరువుందో తెలిసిపోతుంది.

చివరగా, గ్యాస్ వెళ్లిపోయిన పాత గొట్టం ఒకటి మిగులుతుంది. దాన్ని తవ్వి తీయడం ఖర్చు కాబట్టి సాధారణంగా రెండు కొసలూ కోసి, లోపలి గ్యాస్‌ను నైట్రోజన్‌తో తరిమి, మూతలు వెల్డ్ చేసి అక్కడే వదిలేస్తారు. రోడ్డు కింద ఉండిపోయే పెద్ద గొట్టమైతే రేపు తుప్పుపట్టి కుంగకుండా లోపల సిమెంటు గ్రౌటు నింపాలి. పాత లైన్లకు పూసిన తారు పూతల్లో ఆస్బెస్టాస్ పొర ఉండే అవకాశం ఉంది కనుక, కోసిన ముక్కలను మామూలు చెత్తలో పడేయకూడదు. పదిహేనేళ్ల తర్వాత నీటి లైను కోసం తవ్వే మనిషి గడ్డపారకు రెండు గొట్టాలు తగులుతాయి. ఒకటి ఖాళీది, ఒకటి నిండుది, పైకి రెండూ ఒకేలా ఉంటాయి. అప్పటికి పసుపు గీతలు చెరిగిపోయి ఉంటాయి, హెచ్చరిక రాళ్లను ఎవరో పెకలించి ఉంటారు. అతని చేతిలో ఉండే పటం, గొయ్యి పూడ్చకముందు సర్వేయరు దిగి కొలిచి గీసినదా, లేక పని అయిపోయాక ఆఫీసులో కూర్చుని పాత నమూనా మీదే తేదీ మార్చి ఇచ్చినదా అన్నది ఈ రోజు, గొయ్యి తెరిచి ఉండగా, గట్టు మీద నిలబడి ఎవరైనా చూడగలిగే విషయం.